అర గడి జరిపితే

పెద్దసారు బల్ల తుడుస్తున్నారు.

ఆయన గదిలోకి ఎవరు వెళ్ళినా ముందు ఆ తుడవడం చూడాల్సిందే. డబ్బాలోంచి పల్చటి కాగితం ఒకటి సర్రున లాగుతారు. దాని మీద నిమ్మవాసన కొట్టే మందు చిమ్ముతారు. బల్ల ఈ చివర నుంచి ఆ చివర దాకా వరసలు తీసినట్టు తుడిచి, ఆ కాగితాన్ని మడతలు పెట్టి, మడతలు సమంగా వచ్చాయని నమ్మకం కుదిరాక చెత్తబుట్టలో వేస్తారు. అంతసేపూ ఎదుటి మనిషి నిలబడే ఉండాలి. ఇన్నేళ్ళుగా చూస్తున్నా రిపేరక్కకి ఆ నిమ్మవాసన పడదు.

"కూర్చో అమ్మా," అన్నారాయన చివరికి.

రిపేరక్క కూర్చుంది. ఆమెకూ ఒక అసలు పేరుంది, దాని ముందు డాక్టరని రాసుకునే హక్కూ ఉంది. ఈ అంతస్తులో ఎవరికీ ఆ రెండింటితో పనిలేదు. ఇది పేరుకి ప్రయోగశాలే గానీ గాజు గొట్టాలూ మంటలూ ఏమీ ఉండవు. అందరూ కంప్యూటర్లలోనే పదార్థాలు కడతారు. పరమాణువులను ఒక్కొక్కటిగా పేర్చి, వాటి చుట్టూ ఎలక్ట్రాన్లు ఎలా సర్దుకుంటాయో యంత్రం చేత లెక్క కట్టిస్తారు. ఆ లెక్క మధ్యలో చచ్చిపోయినా, ఎంతకీ తేలకపోయినా, తేలి అడ్డగోలు అంకె చెప్పినా "అక్కా, కొంచెం చూడరా" అంటూ ఆమె దగ్గరికే వస్తారు. చూసి పెడుతుంది. ఎందుకు, ఏమిటని అడగదు. కాఫీ మిషను కప్పు మింగేసినా ఆమెనే పిలుస్తారు.

"ఆ మూల కూర్చునే అమ్మాయి లెక్కలో తప్పుంది," అన్నారు పెద్దసారు. "ఎక్కడుందో వెతికిపెట్టు. శుక్రవారం ఆమె ఉద్యోగం గడువు పొడిగించాలా వద్దా అని మీటింగు. ఆలోపు నీ అభిప్రాయం ఒక పేజీలో ఇయ్యి."

"తప్పుందని ఎలా తెలిసింది సార్?"

"మనవాడి అంకెతో కలవట్లేదుగా!"

మనవాడంటే కొత్తల్లుడు. ఆ పేరు ఇక్కడి కుర్రాళ్ళందరూ కలిసి పెట్టిందే. ఈ మధ్యే చేరిన పరిశోధకుడు. పెద్దసారు అతన్ని చూసుకునే తీరుకి ఇంతకన్నా తగిన పేరు దొరకదు. అడక్కుండానే కొత్త కంప్యూటరు, కిటికీ పక్క చోటు, వెనక్కి వాలే కుర్చీ.

ఇద్దరూ చేసింది ఒకే పదార్థం మీద. బాటరీల్లో ద్రవానికి బదులు వాడదామనుకుంటున్న ఒక గట్టి పదార్థం. అందులో లిథియం ఒక గుంటలోంచి పక్క గుంటలోకి దూకాలి. మధ్యలో గట్టు ఉంటుంది. గట్టు ఎంత తక్కువుంటే బాటరీ అంత తొందరగా చార్జి ఎక్కుతుంది. కొత్తల్లుడి లెక్కలో గట్టు దాదాపు లేదు. ఈ ముక్క వినగానే ఖర్చు పెట్టుకుంటున్న కంపెనీవాళ్ళు పండగ చేసుకుని, అంకెను పెద్దక్షరాలతో వాళ్ళ గోడకి ఎక్కించారు. మూలపిల్ల లెక్కలో మాత్రం గట్టు దానికి మూడింతలుంది.

"ఆ అమ్మాయి అన్నీ అడ్డదిడ్డంగా పెడుతుంది," అన్నారు పెద్దసారు, శుభ్రంగా ఉన్న బల్లని ఇంకోసారి అరచేత్తో నిమురుతూ. "శుభ్రత లేదు. పైగా మిషను టైమంతా ఒక్కతే తినేస్తుంది. పొడిగించి మాత్రం ఏం లాభం?"

*

మూలపిల్ల బల్ల మరుగుదొడ్ల పక్కన ఉంది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లోపలి కంపు ఒక్క ఊపున వచ్చి మీద పడుతుంది. ఆ తలుపు తనంతట తాను మూసుకోదు, ఎవరూ వెనక్కి తిరిగి మూయరు. అందుకని ఆ పిల్ల కళ్ళు తెర మీద ఉంచి, ఎడమ కాలితో తలుపుని నెట్టి మూస్తుంది. రోజంతా అదే పని. ఆమె కుర్చీ చక్రం విరిగితే బాగుచేస్తామని తీసుకెళ్ళినవాళ్ళు మళ్ళీ మొహం చూపించలేదు. ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుంటుంది.

"నీ లెక్క చూడమన్నారు," అంది రిపేరక్క.

"తప్పు వెతకమన్నారా అక్కా?"

"అదే."

"చూడండి." పిల్ల లేచి స్టూలు ఇచ్చింది. గోళ్ళు కొరికి కొరికి వేళ్ళ చివర్లు ఎర్రగా ఉన్నాయి. ఎవరితోనూ పట్టుమని పది మాటలు మాట్లాడని మనిషి. గొడవ పడదు, ఏడవదు. ఇక్కడ నోరున్న వాళ్ళదే రాజ్యం కాబట్టి ఆమె వాటాకి మూల వచ్చింది.

రిపేరక్క సోమవారం మధ్యాహ్నమంతా, మంగళవారం పొద్దునంతా ఆ లెక్కల్లోనే ఉంది. ఎలక్ట్రాన్లు పూర్తిగా కుదుటపడ్డాయా, పడకుండానే లెక్క ఆపేసిందా? పూర్తిగానే కుదుటపడ్డాయి. పరమాణువుల మీద ఇంకా తోపుడు మిగిలి ఉందా? లేదు. గుంటకీ గుంటకీ మధ్య దారిలో మజిలీలు సరిపోయినన్ని పెట్టిందా? కావలసిన దానికంటే ఎక్కువే పెట్టింది. ఒక్కొక్కటీ గోరుతో గీకి చూసినట్టు చూసింది. ఎక్కడా పెచ్చు ఊడలేదు. ఒక్కటి మాత్రం మామూలుగా లేదు. పదార్థాన్ని యంత్రం లెక్క కట్టే చోట్లో ఎక్కడపడితే అక్కడ పెట్టింది, ఒక్కో లెక్కలో ఒక్కోచోట.

ఇక్కడి ఆచారం అది కాదు. ఏ లెక్కైనా మొదలుపెట్టే ముందు 'సర్దుడు' అనే చిన్న ప్రోగ్రాం నడపాలి. అది పరమాణువులన్నింటినీ లాగి, లెక్క కోసం గీసుకున్న గళ్ళకి సరిగ్గా కూర్చోబెడుతుంది. బొమ్మలు ముచ్చటగా వస్తాయి. పెద్దసారుకి ఆ బొమ్మలంటే ప్రాణం.

"సర్దుడు ఎందుకు నడపలేదు?" అనడిగింది రిపేరక్క.

పిల్ల కాలితో తలుపు నెట్టింది. "పదార్థానికి మన గళ్ళ సంగతి తెలియదు కదక్కా," అంది.

అంతే అంది. రిపేరక్క ఇంకేమీ అడగకుండా లేచి తన బల్ల దగ్గరికి వెళ్ళి కొత్తల్లుడి లెక్క తెరిచింది.

యంత్రానికి ఖాళీ చోటంటే ఏమిటో అర్థం కాదు. చోటంతా గళ్ళు గీసి, గడుల మూలల్లో ఎలక్ట్రాన్లు ఎంతున్నాయో మాత్రమే చూస్తుంది. గళ్ళు సన్నవైతే నిజానికి దగ్గరగా వెళ్తుంది గానీ రోజులు పడతాయి. గళ్ళు పెద్దవైతే పని చిటికెలో అయిపోతుంది, మూలకీ మూలకీ మధ్య ఏం జరిగిందో దానికి పట్టదు. ఈ రోగాన్ని పట్టుకోవడానికి పాత పరీక్ష ఒకటుంది. పదార్థం మొత్తాన్ని, ఒక్క పరమాణువు కూడా మిగలకుండా, అర గడి పక్కకి జరపాలి. బరువు చూసుకునే మిషన్ని హాల్లోంచి వంటగదిలోకి తెస్తే మనిషి బరువు మారకూడదు. మారిందంటే మిషన్లోనే మోసముంది.

మూలపిల్ల లెక్కల్లో ఆ జరపడం అప్పటికే ఉంది, ఒక్కోదాంట్లో ఒక్కోచోట. అంకె కదల్లేదు. తర్వాత కొత్తల్లుడి లెక్కని జరిపింది. గళ్ళు పెద్దవి కావడంతో రెండో టీ పూర్తయ్యేలోపే జవాబు వచ్చింది. గట్టు లేచి కూర్చుంది! పావు గడి జరిపితే ఒకలా, అర గడి జరిపితే ఇంకోలా. సర్దుడు పెట్టిన చోట పెడితే మాత్రం లిథియం గట్టు ఎక్కే చోటు సరిగ్గా గడి మూలకి వచ్చి, గట్టు మాయం. అదే గళ్ళని సన్నం చేసి, ఒక చిన్న ముక్క మీద నడిపి చూస్తే మూలపిల్ల చెప్పిన వైపుకే వచ్చింది.

గోడమీదికెక్కిన ఆ అంకె పదార్థానిది కాదు, గళ్ళది. రిపేరక్క మిగిలిన టీ సింకులో పారబోసింది.

*

కొత్తల్లుడు వెనక్కి వాలే కుర్చీలో వాలి, పొట్లంలోంచి చిప్స్ తింటున్నాడు. నూనె వేళ్ళతోనే మీటలు నొక్కుతున్నాడు. ఆ మీటల సందుల్లో పొడి పేరుకుపోయి చూస్తేనే వాంతొచ్చేలా ఉంది.

"అల్లుడుగారూ," అంది రిపేరక్క, "తమరి లెక్కని కాస్త పక్కకి జరిపానండీ."

కుర్చీ టక్కున నిటారుగా లేచింది. "ఎవరు జరపమన్నారక్కా?"

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ వాలకం. ఇంకా ఏమైందో చెప్పనే లేదు."

అతను చుట్టూ చూశాడు. వేలికంటిన ఉప్పు నాకాడు. గొంతు తగ్గించి, "నేనూ మొదట్లోనే జరిపి చూశానక్కా," అన్నాడు. "సార్‌కి చూపించాను కూడా. 'చక్కగా కూర్చున్నదాన్ని ఎవడు కదపమన్నాడు?' అన్నారు. నాకెందుకక్కా ఈ పంచాయితీ? ఆయన సరే అన్నాక మనదేం పోయింది?"

"నీదేం పోలేదు. ఆ పిల్లది పోతోంది."

"తను కూడా సర్దుడు నడిపితే అయిపోయేదిగా!" అన్నాడు అమాయకంగా. ఆ అమాయకత్వం నటన కాదు. అతనికి నిజంగానే అందులో ఏ ఇబ్బందీ కనపడలేదు. రిపేరక్కకి అది చిప్స్ పొడి కంటే రోతగా తోచింది. అతను పొట్లం ముందుకు జరిపి తీసుకోమన్నట్టు చూశాడు. ఆమె తీసుకోలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో అత్తగారు గుడ్లు ఉడకబెట్టి, ఖాళీ అట్ట పారేయబోతుంటే రిపేరక్క ఆపింది. అట్టని బల్ల మీద పరిచి ఒక పూస తీసి దొర్లించింది. పూస ఒక గుంటలో పడింది. ఇంకోసారి దొర్లిస్తే ఇంకో గుంటలో పడింది.

"ఏమిటే ఆ ఆట?" అంది అత్తగారు. ఆవిడకి కోడలి ఉద్యోగం ఏమిటో ఇన్నేళ్ళైనా తెలియదు. తెలుసుకోవాలన్న ఉబలాటం మాత్రం తీరలేదు.

"పూసకి ఈ గుంటే ఇష్టమని ఒకాయన ఊరంతా చాటించాడత్తయ్యా. పూసకి ఇష్టమూ లేదు, పాడూ లేదు. అట్టకి గుంటలున్నాయంతే. చదునైన బల్ల మీద దొర్లించిన అమ్మాయిది తప్పంటున్నారు."

"ఎవరా ఒకాయన? ఆ బల్ల తుడిచే పెద్దమనిషేనా?"

"ఆయనే."

"నేనప్పుడే చెప్పానా! అస్తమానం తుడిచేవాళ్ళని నమ్మకూడదు. పైన పటారం, లోన లొటారం." అత్తగారు గుడ్డు పెంకు వలుస్తూ కోడలి మొహంలోకి చూసింది. "మరి నువ్వేం చేస్తున్నావు? చోద్యం చూస్తున్నావా?"

"రేపు చెప్తా ఆయనకి."

"చెప్పు. చెప్పాక తిండి మానేసి కూర్చోకు. వాళ్ళ పాపానికి నీ కడుపు మాడ్చుకోవడమెందుకు?"

గుడ్డు నోట్లో పెట్టుకోగానే నిమ్మవాసన గుర్తొచ్చింది రిపేరక్కకి. కంచం పక్కకి జరిపేసింది.

*

పెద్దసారు అంతా విన్నారు. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. ఆమె గీసి తెచ్చిన బొమ్మని వేళ్ళ కొసలతో పట్టుకుని చూశారు. సర్దిన చోట గట్టు, పావు గడి జరిపాక గట్టు, అర గడి జరిపాక గట్టు. ఆయన మొహంలో ఆశ్చర్యం ఏమీ లేదు. రిపేరక్క ఆ ఆశ్చర్యం కోసమే ఎదురుచూసింది. కోపం వచ్చినా బాగుండేది.

"బాగా పట్టుకున్నావు," అన్నారు. "నువ్వు పట్టుకుంటావనే నీకిచ్చాను. కానీ చూడమ్మా, సన్నటి గళ్ళు పెడితే మిషను టైము ఎంతవుతుంది? ఉన్నవాళ్ళందరూ అలా పెడితే ఏడాదికి ఒక్క పేపరు కూడా రాదు. అందుకే అందరం ఒకే గళ్ళు వాడతాం, ఒకే చోట పెడతాం. తప్పు అందరం ఒకేలా చేస్తే అది పద్ధతి అవుతుంది."

రిపేరక్క ఆయన చేతిలోని బొమ్మ వైపు చూసింది. తిలాపాపం తలా పిడికెడు అంటే ఇదేనేమో. దాన్నీ మనిషి ఇంత శుభ్రంగా చెప్పగలడా!

"సార్, ఆ అమ్మాయి లెక్క సరైనది."

"నేను కాదన్నానా? నువ్వు రాయాల్సింది ఒక్క వాక్యం." ఆయన వేళ్ళతో గాలిలో గీతలు గీస్తూ చెప్పారు. "'ఇద్దరి అంకెల మధ్య తేడా గళ్ళ అమరికలో దోషం వల్ల వచ్చింది.' చాలు. ఇందులో ఒక్క అబద్ధం చూపించు."

అబద్ధం లేదు. అదే అసహ్యం. వాక్యం కడిగిన ముత్యంలా ఉంది. మీటింగులో కూర్చున్న ఏ మనిషి చదివినా దోషం మూల కూర్చున్న పిల్లదనే అనుకుంటాడు.

"ఎవరి గళ్ళలో దోషమో కూడా రాస్తాను సార్," అంది రిపేరక్క.

"అదెవరడిగారు?"

"ఎవరూ అడక్కపోయినా రాస్తాను."

రాసింది. ఎవరి లెక్క జరిపితే నిలిచిందో, ఎవరిది కూలిందో, నాలుగు వాక్యాల్లో రాసి బొమ్మ జతచేసి ఆయన బల్ల మీద పెట్టింది. ఆయన చదివారు. "సరే," అన్నారు. కోపం లేదు, అరుపు లేదు. తుడుపు కాగితాల డబ్బా తీసి సరిగ్గా ఆ పేజీ మీద పెట్టారు. పేజీ అంచులు డబ్బా అంచులతో సమంగా వచ్చేలా కొద్దిగా సర్దారు కూడా.

బయటికి వచ్చి రిపేరక్క చేతులు కడుక్కుంది. చేతికేం అంటలేదు. అయినా కడుక్కుంది.

*

గురువారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మూలపిల్ల ఆమె బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. పొద్దున ఆ పిల్ల పెద్దసారు గదిలోకి వెళ్ళడం, చాలాసేపటికి బయటికి రావడం రిపేరక్క చూసింది. మందలించి ఉంటారనుకుంది.

"అక్కా, సర్దుడు నడిపాను. కొంచెం చూస్తారా?"

రిపేరక్క తెర మీంచి తల తిప్పింది. "ఎందుకు?"

"పెద్ద గళ్ళు పెట్టి, సర్దుడు నడిపి, లెక్క మళ్ళీ చేశాను. మూడో మజిలీ దగ్గర ఎలక్ట్రాన్లు కుదుటపడటం లేదు. ఊగుతూనే ఉన్నాయి. రేపు పొద్దునకి కావాలి." నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "అంకె కలిస్తే పొడిగింపు ఇప్పిస్తానన్నారు. పేపర్లో నా పేరు కూడా పెడతారట."

"నువ్వు ఒప్పుకున్నావా?"

పిల్ల గోరు కొరుక్కుంది.

"ఛీ!" అంది రిపేరక్క. గట్టిగానే అంది. పక్క బల్లల దగ్గర తలలు లేచాయి. "నీ లెక్క సరైనదని ఆయనకి తెలుసు, నాకు తెలుసు, ఆ చిప్స్ మొహంవాడికీ తెలుసు. నీ కోసం నేను ఆయన మొహం మీద రాసిచ్చొచ్చాను. నువ్వేమో నీ చేతులతో నువ్వే... సిగ్గనిపించడం లేదూ?"

"అనిపిస్తోంది," అంది పిల్ల. "మీరు రాసిచ్చింది డబ్బా కింద ఉందక్కా. చూశాను."

రిపేరక్క తల పెద్దసారు గది వైపు తిరిగింది.

"సరైన లెక్కతో రేపు ఇంటికెళ్ళిపోవాలి. తప్పు లెక్కతో ఉండిపోతాను. ఉంటే తర్వాతెప్పుడైనా సరిగ్గా చేసుకోవచ్చు." ఆ పిల్ల ఇన్ని మాటలు వరసగా మాట్లాడటం రిపేరక్క ఎప్పుడూ వినలేదు. "మీకు ఇక్కడ కుర్చీ ఉందక్కా. నాకు రేపటి శుక్రవారం తప్ప ఏమీ లేదు."

పోవే, నాకు రాదు పో అందామనుకుంది రిపేరక్క. పెద్దసారు మీద, కొత్తల్లుడి మీద, ఎదురుగా నిలబడి గోరు కొరుక్కుంటున్న ఈ పిరికిదాని మీద ఒకేసారి ఒళ్ళు మండింది. అందరూ కలిసి ఒకే మురికి గిన్నెలో తింటున్నారు. తననీ వచ్చి కూర్చోమంటున్నారు.

కానీ చేతులు అప్పటికే మీటల మీదికి వెళ్ళిపోయాయి. ఊగిపోతున్న లెక్క కనిపిస్తే ఆగలేని చేతులవి. ఒక విడతలో ఎలక్ట్రాన్లను ఎంత కలపాలో ఆ వాటా తగ్గించింది. ముందు మజిలీలో కుదిరినదాన్ని తెచ్చి మొదలుగా పెట్టింది. మళ్ళీ నడిపింది. ఇద్దరూ తెర వైపు చూస్తూ నిలబడ్డారు. ఊగడం తగ్గింది. ఇంకా తగ్గింది. ఆగింది.

గట్టు మాయమైంది. అంకె కొత్తల్లుడి అంకెతో అతికినట్టు సరిపోయింది.

మూలపిల్ల ఆ అంకె వైపు అన్నంలో వెంట్రుక చూసినట్టు చూసింది. "థాంక్స్ అక్కా," అని వెళ్ళిపోయింది. కాసేపటికి మూలనుంచి, కాలితో తలుపు నెట్టిన చప్పుడు వినిపించింది.

*

శుక్రవారం మీటింగు సాఫీగా జరిగిపోయింది. బల్ల మధ్యలో బిస్కెట్ల పళ్ళెం పెట్టారు. ఒక పక్క పెద్దసారు, ఇంకో పక్క ఆఫీసు గుమాస్తా, ఎదురుగా బయటి సంస్థ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. తల నెరిసింది. పాత తోలు సంచి ఒళ్ళో పెట్టుకుని, చెప్పులు విప్పి కాళ్ళు బల్ల కిందికి చాపుకుంది. నిర్ణయం మీద సంతకం ఈ బయటి మేడందే. కొత్తల్లుడు బిస్కెట్లు రెండేసి తీసుకున్నాడు. రిపేరక్క వెనక గోడ పక్కన కూర్చుంది. ఎవరూ పిలవలేదు, ఎవరూ వెళ్ళమనలేదు.

మూలపిల్ల తెర మీద బొమ్మలు చూపించింది. పరమాణువులు గళ్ళలో సైన్యంలా బారులు తీరి ఉన్నాయి. ఎంత ముచ్చటగా ఉన్నాయో!

"మొదట్లో గళ్ళ అమరికలో కొంచెం పొరపాటు జరిగి, గట్టు మూడింతలు వచ్చింది," అన్నారు పెద్దసారు చిరునవ్వుతో. "కష్టపడి సరిదిద్దుకుంది. కదమ్మా?"

"అవునండి," అంది మూలపిల్ల.

బయటి మేడం పెద్దగా ఏమీ అడగలేదు. ఒకసారి బొమ్మ వైపు, ఒకసారి పిల్ల వైపు చూసింది. "కాఫీ తాగొచ్చి సంతకం పెడతాను," అని చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుని లేచింది.

వసారాలో మిషను యథాప్రకారం ఆవిడ కప్పు మింగేసింది. రిపేరక్క వెళ్ళి ఎక్కడ కొట్టాలో అక్కడ అరచేత్తో ఒక్కటిచ్చింది. కప్పు పడింది. పైన మీగడ కట్టిన కాఫీ కారింది. నీళ్ళసీసా నింపుకోవడానికి వచ్చిన మూలపిల్ల పక్కనే కుళాయి దగ్గర నిలబడి ఉంది.

"రిపేరక్కంటే మీరేనా?" అంది మేడం. "ఇక్కడి లెక్కలన్నీ మీ చేతి మీదుగానే పోతాయని ఆ బిస్కెట్ల కుర్రాడు చెప్పాడు."

"పోతాయండి."

"అయితే నాకొక మాట చెప్పండి. ఈ అమ్మాయి పాత పేపర్లు నేను చదివాను. చాలా జాగ్రత్త మనిషి. అలాంటి మనిషికి మూడింతలు తేడా ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు." కాఫీ మీది మీగడని పుల్లతో పక్కకి తీసింది. "ఇవాళ చూపించిన అంకె సరైనదేనా?"

వారమంతా ఎవరూ అడగని ప్రశ్న. డబ్బా కింద పెట్టిన పేజీలో జవాబు ఉన్న ప్రశ్న. రిపేరక్క నాలిక చివర 'కాదు' సిద్ధంగా ఉంది. కుళాయి కింద సీసా నిండి పొర్లుతోంది. మూలపిల్ల దాన్ని కట్టడం లేదు. ఆ ఎర్రబడ్డ వేళ్ళ మీదుగా నీళ్ళు పోతున్నాయి. కాదంటే ఈ పిల్ల ఇవాళ సాయంత్రానికి సామాను సర్దుకోవాలి. అంతే సంగతి. పెద్దసారుకి ఏమీ కాదు. ఇంకో కాగితం లాగి తుడుచుకుంటారు.

"సరిగ్గానే ఉందండి," అంది రిపేరక్క. "నేనే చూశాను."

ఎంత నున్నగా వచ్చింది ఆ మాట! ఆయన చెప్పిన ఒక్క వాక్యం రాయనని అంత రోషపడిన మనిషి నోట్లోంచి పచ్చి అబద్ధం, ఎక్కడా తట్టుకోకుండా. రిపేరక్కకి తన నోటి మీద తనకే రోత పుట్టింది. మేడం తలూపి, సంచిలో చెయ్యి పెట్టి కలం కోసం వెతికింది.

"కాదండి."

ఇద్దరూ తిరిగి చూశారు. మూలపిల్ల కుళాయి కట్టేసింది.

"అక్క నా కోసం అలా అన్నారు. అక్క ఎప్పుడూ అబద్ధం చెప్పరు." పిల్ల ఆగలేదు. "ఇవాళ నేను చూపించింది తప్పండి. అర గడి జరిపితే నిలబడదు. నా మొదటి లెక్కే సరైనది. నాకు తెలిసే మార్చాను."

మేడం కలం పట్టుకుని అలాగే నిలబడింది. ఆవిడ మొహంలో ఏముందో రిపేరక్కకి అంతు చిక్కలేదు.

"తెలిసే మార్చావా?" అంది మేడం మెల్లగా.

"అవునండి."

"దానికి కూడా జవాబు చెప్పుకోవాలి నువ్వు."

"చెప్తానండి."

"ముందు చూపించు."

మూలపిల్ల నడిచింది, వెనక మేడం. గాజు తలుపు అవతల పెద్దసారు బిస్కెట్ల పొడి తుడుస్తూ తలెత్తి వాళ్ళని చూశారు. చేతిలో కాగితం ఆగిపోయింది. రిపేరక్క పరుగులాంటి నడకతో తన బల్ల దగ్గరికి వెళ్ళి, తన కుర్చీని రెండు చేతులా పట్టుకుని, గరగరమంటూ అంతస్తు ఆ చివర నుంచి ఈ చివర దాకా ఈడ్చుకొచ్చింది. చిప్స్ నములుతున్న నోళ్ళు ఆగాయి. ఎవరూ ఏమిటని అడగలేదు.

మేడం కుర్చీలో కూర్చుంది. మూలపిల్ల స్టూలు మీద కూర్చుని, పొద్దున చూపించిన లెక్క తెరిచింది. మరుగుదొడ్డిలోంచి ఎవరో వచ్చి తలుపు బార్లా వదిలేసి పోయారు. కంపు గుప్పుమంది. పిల్ల కాలు అలవాటుగా లేవబోయింది. ఈలోగానే రిపేరక్క తలుపు మూసి, దానికి వీపు ఆనించి గట్టిగా నిలబడింది.

మూలపిల్ల వెనక్కి తిరిగి ఆమె వైపు ఒక్కసారి చూసింది.

"ఊఁ," అంది బయటి మేడం, కళ్ళజోడు పెట్టుకుంటూ. "జరుపు."